మెరుపు పూత

నాకు కోపం ఎక్కువని మా ఆయన యేసుదాసు కనిపించిన వాళ్లందరికీ చెప్తాడు. ముప్పై నాలుగేళ్లు కాపురం చేసినా ఆయనకు నా సంగతి పూర్తిగా తెలియదు. నాకు ఎక్కువ ఉన్నది పొగరు. దానికి దెబ్బ తగిలినప్పుడు పైకి కనిపించేదే కోపం. ఈ ముక్క నాకైనా మొన్న మొన్ననే తెలిసింది. తెలియజేసింది పిడికెడు పిట్ట.

మేముండేది శ్రీరాంపూర్‌లో, కంపెనీ క్వార్టర్లలో. యేసుదాసుకు గనిలో ఇంకా రెండేళ్ల సర్వీసుంది. మా పక్క క్వార్టర్ కుమారస్వామిది. అతనూ గనిలోనే. భార్య, కూతురు భూమిక కరీంనగర్‌లో గది తీసుకుని ఉంటారు, పిల్ల కోచింగ్ కోసం. ఇక్కడ అతనొక్కడూ వండుకుని, తిని, డ్యూటీకి పోతాడు. అతనికి తోడు ఒక కాకటీల్ పిట్ట. బూడిదరంగు ఒళ్లు, నెత్తిన పసుపుపచ్చ కుచ్చు, చెంపలకు నారింజ బొట్లు. పేరు చిట్టి. అది భూమిక పిట్ట. గదిలో పెంచుకోవద్దని ఆ ఇంటివాళ్లు అన్నారని, ఏడ్చుకుంటూ తండ్రికి అప్పగించి పోయింది.

వానాకాలం చివర్లో ఒక రోజు కుమారస్వామి మా గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. గుప్పిట్లో ఈకలు.

"అక్కా, గిట్ల జూడు. తన ఈకలు తనే పీక్కుంటున్నది. మంచిర్యాలల పిట్టలను జూసే డాక్టరమ్మకు సూపెట్టిన. రోగం ఏం లేదట. దానికి పొద్దు పోతలేదట."

"పొద్దు పోకుంటే ఈకలు పీక్కుంటదా? నేనైతే ఈ పాటికి బోడిగుండు కావాలె" అన్నాను.

అతను నవ్వలేదు. "కొరుకుటందుకు కర్రముక్కలు, ఆటబొమ్మలు చేసి కట్టుమన్నది. రంగులుంటే ఇంకా ఇష్టమట. గాని కొరికి మింగుతది గదా, గందుకే తినే వాటి రంగులే వెయ్యాలట. బీట్‌రూటు, పసుపు, పాలకూర, గసొంటియి. పెయింటు, వార్నీసు అస్సలు తగలనియ్యొద్దన్నది. కర్ర గూడ వేపదో, జామదో అయితే మంచిదట. బజార్ల కూడ దొర్కుతయట గాని, నువ్వుండంగ బయట ఎందుకు కొనాలె అక్కా?"

చివరి మాట ఒక్కటి చాలు నాకు. అప్పటికప్పుడే ఒప్పుకున్నాను.

నేను పుట్టింది ఖానాపూర్‌లో. పదహారేళ్లకే నిర్మల్‌లో ఒక బొమ్మల షెడ్డులో పనికి కుదిరి, పెళ్లయ్యేదాకా అక్కడే చేశాను. పొనికి అనే మెత్తటి కర్రను చెక్కేది మగవాళ్లు. చింతగింజల జిగురు రాసి, సుద్ద పూసి, నునుపు చేసి, రంగులు వేసేది మేము. ఆ రంగులు వేసేవాళ్లలో చివరి పూత వేసే చెయ్యి నాది. అది పడ్డాకే బొమ్మ మెరిసేది. మా మేస్త్రి రాయమల్లు మెరవని బొమ్మను షెడ్డు గడప దాటనిచ్చేవాడు కాదు. ఒకసారి నేను తొందరలో పూత వేయకుండానే ఒక కర్ర జామపండును బుట్టలో వేస్తే, బయటికి తీసి అందరి ముందూ నా ఒళ్లో పడేశాడు. ఆ రోజంతా ఏడ్చాను. మళ్లీ అట్లాంటి తప్పు చేయలేదు.

కుమారస్వామి బొమ్మలకు మొదట అన్నీ పద్ధతి ప్రకారమే చేశాను. ఇది నిజం, దేవుని మీద ఒట్టు. క్వార్టర్ వెనక జామచెట్టు కొమ్మలు కోసి, బెరడు వొలిచి, కడిగి, నాలుగు రోజులు ఎండబెట్టాను. ఉంగరాల్లా, గుండ్రని బిళ్లల్లా కోసి, అంచులు గరుకు కాగితంతో రుద్దాను. బీట్‌రూటు తురిమి ఉడికించి, గుడ్డలో వడకట్టి, ఆ నీళ్లలో సగం ముక్కలు రాత్రంతా నానేశాను. మిగతా వాటిని పసుపు నీళ్లలో, పాలకూర రసంలో. తెల్లారి చూస్తే ఎంత బాగున్నాయో! తీసి ఎండలో పెట్టాను. సాయంత్రానికి బీట్‌రూటు ఎరుపు కాస్తా వెలిసి ఇటుకపొడి రంగు అయింది. పాలకూర పచ్చ గురించి చెప్పకపోవడమే మేలు. పసుపు ఒక్కటే కొద్దిగా నిలిచింది, అదీ మచ్చలు మచ్చలుగా.

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన యేసుదాసు చాటలోకి తొంగిచూశాడు.

"ఏందియ్యి? అల్లం ముక్కలు ఎండవెట్టినవా?"

"పిట్ట బొమ్మలు."

"నువ్వే చేసినవా?" అని నవ్వి, "పోనీలే, పిట్టకేం తెలుస్తది" అంటూ లోపలికి పోయాడు.

ఆయన మామూలుగా అన్న మాటే. నాకు మాత్రం చెవుల దాకా మంట పుట్టింది. ఇవి తీసుకుపోయి కుమారస్వామి చేతిలో పెడితే, అతను వీటిని వీధంతా చూపిస్తే, నిర్మల్ బొమ్మల రిబ్కమ్మ చేసింది ఇవా అని అందరూ అనుకుంటే? పిట్ట సంగతి ఆ క్షణంలో నాకు గుర్తు లేదు. గుర్తున్నదల్లా నా పేరు.

మంచం కింద ఎరుపు, పసుపు ఎనామెల్ డబ్బాలున్నాయి. ఎప్పటివో పాతవి. క్రిస్మస్‌కు చర్చి నక్షత్రానికి రంగు వేయడానికి ఏటా తీస్తాను. మరునాడు యేసుదాసు డ్యూటీకి పోగానే టర్పెంటైన్ కలిపి, ఒక్కటంటే ఒక్కటే పూత, పల్చగా వేశాను. ముక్కలన్నీ ఒక్కసారిగా కళకళలాడాయి. నా చెయ్యి ఇంకా పోలేదని మురిసిపోయాను.

తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. డాక్టరమ్మ వద్దన్నదని కుమారస్వామి స్పష్టంగా చెప్పాడు. అంతకన్నా ముందు, షెడ్డులో పనిచేసే ఒకామె చంటిపిల్ల బొమ్మను నోట్లో పెట్టుకుంటే రాయమల్లు పరుగెత్తుకొచ్చి లాక్కోవడం నా కళ్లతో చూశాను. "గివి చూసుటందుకు పిల్లా, నోట్లె వెట్టుకునేటందుకు గాదు" అని ఆమెను తిట్టాడు. పూత వేస్తున్నంతసేపూ ఆ మాట నా చెవుల్లో ఉంది. ఎనిమిది రోజులు ఆరబెట్టాను. వాసన పోయింది. గోరుతో గీరితే పెచ్చు లేవలేదు. అంతే, ఇక ఏమీ కాదనుకున్నాను. పిట్ట ముక్కుకూ నా గోరుకూ తేడా ఉంటుందని ఆలోచించలేదు. ఆలోచించదలచుకోలేదు.

నూలుతాడుకు గుచ్చి ఇస్తే కుమారస్వామి కళ్లు పెద్దవి చేసుకున్నాడు.

"అబ్బా! ఏం రంగులు అక్కా గివి?"

"బీట్‌రూటు, పసుపు. ఇంకేముంటయి?"

కింద ఉన్నది బీట్‌రూటే కాబట్టి అది అబద్ధం కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

చిట్టికి అవి ప్రాణమయ్యాయి. ముఖ్యంగా ఎర్ర ఉంగరం. పొద్దస్తమానం దాన్ని పట్టుకుని కటకటా కొరికేది. ఈకలు పీక్కోవడం తగ్గింది. కుమారస్వామి వీడియోలు తీసి కూతురికి పంపాడు, వీధి వీధికీ చూపించాడు. మా సంఘంలో స్త్రీల కూటానికి పోతే అందరూ నా చుట్టూ చేరారు. రెండిళ్ల అవతల ఉండే జ్యోతిరాణి తన లవ్ బర్డ్స్ కోసం రంగులెట్లా చేయాలో అడిగి కాగితం మీద రాసుకుపోయింది. వారం తర్వాత వెలిసిపోయిన నాలుగు ముక్కలు పట్టుకొచ్చింది.

"అక్కా, నువ్వు చెప్పినట్టే చేసిన. గీ మెరుపు రాదేంది నాకు?"

"చెయ్యి తిరగాలె" అన్నాను నేను.

ఇప్పుడు ఆ మాట తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను. ఆ పిల్ల తలవంచుకుని, "అవునక్కా, నీ చెయ్యి నాకెక్కడిది" అని వెళ్లిపోయింది. ఆమె చేసింది సరిగ్గా చేసింది. ఆమె పిట్టలు ఈ రోజుకూ గంతులేస్తున్నాయి.

మూడు వారాలు తిరగకుండానే చిట్టి మెతకబడింది. తింటే కక్కుకుంటోంది. ఒళ్లు ఉబ్బరించుకుని, కళ్లు సగం మూసుకుని, పంజరం అడుగున కూర్చుంటోంది. కుమారస్వామి డ్యూటీకి సెలవు పెట్టి బుధవారం మంచిర్యాల తీసుకుపోయాడు. తిరిగొచ్చాక మా వాకిట్లోనే ఆగాడు.

"ఏం తిన్నది, ఏం కొరికిందని మస్తుసార్లు అడిగింది డాక్టరమ్మ. బొమ్మల రంగులేంటియని గూడ అడిగింది. మా అక్క బీట్‌రూటు, పసుపుతోటి చేసింది మేడం, గండ్ల ఫికర్ లేదని చెప్పిన. గట్లయితే కడుపుల ఏదో ఇన్ఫెక్షన్ అయ్యుంటదని మందు రాసింది."

నాకు అప్పుడే తెలిసిపోయింది. అనుమానం కాదు, తెలిసిపోయింది. 'తమ్మీ, ఆగు' అంటే అయిపోయేది. రెండు మాటలు. నేనేం చేశానంటే, "చాయ్ తాగుతవా?" అని అడిగాను.

ఆ రాత్రి, గురువారం పగలు, చెప్తాను చెప్తాను అనుకుంటూనే గడిపాను. మందు పడింది కదా, తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గితే ఎవరికీ తెలియాల్సిన అవసరమే ఉండదు కదా అని కూడా అనుకున్నాను. ఇప్పుడు మీ దగ్గర దాస్తే ఏం లాభం, అట్లానే అనుకున్నాను.

శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక. చాపలు పరిచాం. పదిమంది దాకా వచ్చారు. పాట అయిపోతుండగా గడప దగ్గర నీడ పడింది. కుమారస్వామి. చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తొమ్మిదేళ్లుగా పక్కపక్కనే ఉన్నాం, ప్రతి శుక్రవారం మా పాటలు మొదలవగానే టీవీ సౌండు తగ్గించేవాడే తప్ప ఒక్కసారి కూడా రాలేదు. వాళ్ల దేవుళ్లు వాళ్లకున్నారు.

"నేను గూడ కూసోవచ్చునా?" అన్నాడు.

యేసుదాసు లేచి చేయిపట్టి కూర్చోబెట్టాడు. ఒక్కొక్కరూ తమ విన్నపాలు చెప్పుకున్నారు. ఒకరికి షుగరు, ఒకరికి ట్రాన్స్‌ఫరు, ఒకరి కొడుక్కు పరీక్ష. కుమారస్వామి వంతు వచ్చేసరికి అతను నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"నాకు మీ తీరు తెల్వదు. నా బిడ్డ పిట్టకు పానం బాగలేదు. దాన్ని నా మీద నమ్మకంతోటి ఇడిసిపెట్టి పోయింది పోరి. మందు వోస్తున్న గాని గుణం కనవడ్తలేదు. జర మీ దేవునికి చెప్పుండ్రి."

ఎవరూ నవ్వలేదు. జ్యోతిరాణి కళ్లు తుడుచుకుంది. యేసుదాసు నావైపు తిరిగి, "రిబ్కా, నువ్వు ప్రార్థన చెయ్యి. దానికి బొమ్మలు చేసిచ్చినదానివి" అన్నాడు.

నేను ప్రార్థన బాగా చేస్తానని మా సంఘంలో పేరు. ఆ రోజు కూడా బాగా చేశాను. అదే నన్ను ఇప్పటికీ పీక్కుతినేది. గొంతు వణికింది, మాటలు వరుసగా వచ్చాయి, నలుగురి కళ్లూ చెమర్చాయి. "తండ్రీ, ఆ చిన్న ప్రాణికి వచ్చిన బాధ ఏమిటో మాకు తెలియదు, నీకు తెలుసును" అన్నాను. మాకు తెలియదు అన్నాను! మనుషులతో ఆడిన అబద్ధం చాలక, కళ్లు మూసుకుని, చేతులు జోడించి, దేవునితో కూడా ఆడాను. అందరూ ఆమెన్ అన్నారు. ఎట్లా అనాలో తెలియక కుమారస్వామి ఒక్క క్షణం ఆలస్యంగా అన్నాడు.

పోతూ పోతూ నా దగ్గర ఆగాడు. "నువ్వే అడిగినవ్ గదక్కా. ఇగ నాకు ధైర్యం వచ్చింది."

శనివారం పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. చిట్టి పంజరం మూలన ముడుచుకుని ఉంది. తల నిలపలేకపోతోంది. దాని ముక్కుకు అందేంత దగ్గరలో ఎర్ర ఉంగరం వేలాడుతోంది.

"పైకి ఎక్కలేకపోతున్నదని కిందికి కట్టిన అక్కా. రాత్రి గూడ రెండుసార్లు కొరికింది. అదొక్కటే ముట్టుకుంటున్నది" అన్నాడు కుమారస్వామి.

నేను పంజరం తలుపు తీసి ఆ తాడును తెంపేశాను. అతను బిత్తరపోయాడు.

"ఎందుకక్కా?"

"మాసింది. కడిగి ఇస్త" అన్నాను. చూశారా, అప్పుడు కూడా అబద్ధమే వచ్చింది నోటికి. ఉంగరాన్ని కొంగుకు ముడివేసుకుని, "ఆటో పిలువు. మంచిర్యాల పోదాం. నేను గూడ వస్త" అన్నాను.

దారిపొడుగునా పంజరం మీద గుడ్డ కప్పి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. డాక్టరమ్మ పిట్టను చేతిలోకి తీసుకుని చూసి, "ఇంకొకసారి ఆలోచించి చెప్పండి. రంగు డబ్బాలు గాని, పాత తలుపులు, కిటికీలు గాని ఏమన్నా కొరికిందా?" అని అడిగింది. కుమారస్వామి లేదనబోయాడు. నేను కొంగు ముడి విప్పి ఉంగరాన్ని బల్లమీద పెట్టాను.

"ఇది ఎనామెల్ పెయింటు మేడం. కింద బీట్‌రూటే వేసిన. మీద పెయింటు పూసిన. పాతది. నేనే పూసిన."

ఆమె ఉంగరాన్ని వెలుతురులో తిప్పి చూసింది. ఒకవైపు పూత పూర్తిగా లేచిపోయి ఉంది. పోయిందంతా పిట్ట కడుపులోకే పోయింది. పాత ఎరుపు, పసుపు పెయింట్లలో సీసం ఉండొచ్చని, అది పిట్టలకు విషమని చెప్పి, డబ్బా ఫొటో తెప్పించమంది. నేను ఇంటికి ఫోన్ చేసి, మంచం కింద డబ్బాలున్నాయి, ఫొటో తీసి పంపమన్నాను. ఎందుకని యేసుదాసు అడిగాడు. చెప్పాను. ఫోన్ పెట్టేశాడు. తర్వాత ఫొటో వచ్చింది.

"బుధవారం నాడు కూరగాయల రంగులని చెప్పారు కదా మీరు?" అని డాక్టరమ్మ కుమారస్వామిని గట్టిగా అడిగింది.

అతను నావైపు చూడలేదు. "నేనే తప్పు చెప్పిన మేడం" అన్నాడు.

సీసానికి వేరే సూది మందు మొదలుపెట్టింది. ముందే తెలిసి ఉంటే బాగుండేదని ఒక్కసారే అంది. రెండోసారి అనాల్సిన పని లేదు. ఆదివారం నేను చర్చికి పోలేదు. సోమవారం తెల్లారి చిట్టి చనిపోయింది.

కుమారస్వామి నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది. నాకు ఎదురు తిట్టడం వచ్చు, ఊరుకోవడమే రాదు. నేనే వాళ్లింటి గడపలో కూర్చుని, "తమ్మీ, నన్నేమన్నా అను" అన్నాను. "ఏమనాలె అక్కా, కావాలని చేసినవా" అన్నాడు. పిట్టను చంపాలని నేను చేయలేదు. కానీ పూత వేసిందీ, నోరు మూసుకున్నదీ కావాలనే.

ఆ సాయంత్రం భూమిక వీడియో కాల్ చేసింది. తండ్రి పొద్దున చెప్పినట్టున్నాడు, పిల్ల కళ్లు ఉబ్బి ఉన్నాయి. నేను అక్కడే ఉన్నాను.

"ఇన్ఫెక్షనట బిడ్డా. మనం ఏం చేస్తం?" అన్నాడు కుమారస్వామి. ఇంతకాలం అబద్ధం ఆడటం రాని మనిషి. నా కోసం నేర్చుకున్నాడు.

"రిబ్కత్త ఉన్నదా? జర ఫోన్ ఇయ్యి" అంది ఆ పిల్ల.

అతను వద్దన్నట్టు నాకు కళ్లతో సైగ చేసి ఫోన్ ఇచ్చాడు.

"అత్తా, నువ్వు బాధవడకు. గా బొమ్మలతోటి అది ఎంత మంచిగ ఆడుకున్నదో బాపు వీడియోలు పంపిండు. ఒక్కటన్నా నాకోసం దాచిపెట్టు అత్తా, పండుగకు వచ్చినప్పుడు తీస్కుంట."

ఇంకొక్క నిమిషం ఊరుకుంటే ఆ పిల్ల నా బొమ్మను కళ్లకద్దుకుని దాచుకునేది. అది నావల్ల కాలేదు.

"దాచవద్దు బిడ్డా. చిట్టి గా బొమ్మతోనే చచ్చిపోయింది. బీట్‌రూటు రంగు మంచిగ కనవడ్తలేదని, నేను దాని మీద పెయింటు వూసిన. మీ బాపుకు అబద్ధం చెప్పిన. మీ బాపు తప్పేం లేదు."

కుమారస్వామి మొహం పక్కకు తిప్పుకున్నాడు. తెర మీద భూమిక కళ్లు తుడుచుకుని, ఫోన్‌ను మొహానికి దగ్గరగా తెచ్చుకుంది.

"దానికి పెయింటుతోనే అయిందని నీకు ఎన్నడు ఎరుకైంది అత్తా?"

"బుధవారం."

"డాక్టరమ్మకు ఎప్పుడు చెప్పినవ్?"

"శనివారం."

ఆ పిల్ల అరవలేదు. లెక్క తెలియక అడిగినట్టే అడిగింది.

"మరి నడుమ రెండు రోజులు ఏం చేసినవ్ అత్తా?"

"ప్రార్థన చేసిన బిడ్డా" అన్నాను.